స్టాటిక్ ఐపీ సర్వర్‌లోనే రాయాలా, రౌటర్‌లో రిజర్వ్ చేయాలా: ఏది మేలు?

చిన్న ఆఫీసులకి లినక్స్ సర్వర్లు పెట్టే కుర్రాళ్లు, వాటిని వాడే యజమానులు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. సర్వర్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబరు) మారకుండా ఉండాలంటే సర్వర్‌లోనే స్టాటిక్‌గా, అంటే స్థిరంగా, రాసెయ్యాలా? లేక సర్వర్‌ని డీహెచ్‌సీపీ (రౌటర్ దానంతట అదే ఐపీలు పంచే పద్ధతి) మీదే ఉంచి, రౌటర్‌లో దాని మ్యాక్ అడ్రస్‌కి (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరుకి) ఒక ఐపీ రిజర్వేషన్ పెట్టాలా? మొన్ననే సీతమ్మధారలో ఒక ల్యాబుకి కొత్త ఉబుంటు సర్వర్ పెట్టేటప్పుడు నాకూ ఈ రెండిటిలో ఒకటి తేల్చుకోవలసి వచ్చింది. సర్వర్‌లోనే రాశాను. కారణాలు చెప్తాను. రిజర్వేషన్ నెగ్గే చోట్లు కూడా ఉన్నాయి, వాటినీ దాటెయ్యను.

ముందు రిజర్వేషన్‌కి దక్కాల్సిన మార్కులు. అడ్రసులన్నీ ఒకేచోట, రౌటర్ పేజీలో కనిపిస్తాయి. ఎవరికి ఏ నంబరు ఇచ్చిందో రౌటర్‌కే తెలుసు కాబట్టి ఒకే ఐపీని ఇద్దరికి పంచే ప్రమాదం తక్కువ. గేట్‌వే (బయటికి వెళ్లే దారి), డీఎన్ఎస్ (పేర్లని ఐపీలుగా మార్చేది) కూడా దానితోనే వస్తాయి. సర్వర్‌లో కాన్ఫిగ్ ఫైలు ముట్టుకునే పనే లేదు, అంటే ఒక స్పేస్ తప్పు కొట్టి సర్వర్‌ని నెట్‌వర్క్ నుంచి బయటకి నెట్టేసుకునే భయమూ లేదు. ప్రింటర్లకి, సీసీ కెమెరాల రికార్డర్లకి, బిల్లింగ్ కౌంటర్ పీసీలకి నేను ఇప్పటికీ రిజర్వేషనే పెడతాను.

సర్వర్ దగ్గరకి వచ్చేసరికి నేను చూసేది ఒక్కటే. రౌటర్ లేని రోజున, లేదా రౌటర్ మారిన రోజున ఏం జరుగుతుంది?

మన విశాఖలో ఇది ఊహించుకుని అడిగే ప్రశ్న కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఇక్కడే తీరం దాటింది. అంతటి తుఫాను మళ్లీ రాకపోయినా, గాలివాన పట్టిన రోజున కరెంటు పోతూ వస్తూ ఉండటం మనకి మామూలే. ఉప్పుగాలికి పోర్టులు తుప్పు పట్టడమూ మామూలే. రౌటర్ పాడైతే ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ల మనిషి వచ్చి కొత్తది తగిలించి, ఫోన్‌లో యూట్యూబ్ ఆడించి చూపించి వెళ్లిపోతాడు. అతని పని అక్కడికి అయిపోయినట్టే. పాత రౌటర్‌లో మీరు కట్టిన రిజర్వేషన్ల పట్టిక పాత రౌటర్‌తోనే పోయింది. సర్వర్ ఐపీలో చివరి నంబరు నిన్న 50, ఇవాళ 17. కౌంటర్‌లో ఉన్న పిల్లలు "సాఫ్ట్‌వేర్ తెరుచుకోవట్లేదు సార్" అని ఫోన్ చేసేది అప్పుడే.

సర్వర్‌లోనే రాసినా కొత్త రౌటర్‌తో ఇబ్బంది ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. పాతది 192.168.1.1 అయితే కొత్తది 192.168.0.1 అయి ఉండొచ్చు. పీసీలన్నీ కొత్త 192.168.0 నెట్‌వర్క్‌లోకి పోతాయి, సర్వర్ పాత 192.168.1లోనే ఉండిపోతుంది. కానీ దీని మందు ఒక్క చోట ఉంది. కొత్త రౌటర్ ల్యాన్ ఐపీని (ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో రౌటర్ నంబరుని) పాత నంబరుకి మార్చి రీబూట్ చేస్తే అంతా మళ్లీ కలుస్తుంది. ఆఫీసులో ఉన్న మనిషికి ఆ ఒక్క నంబరు ఫోన్‌లో చెప్పి మార్పించొచ్చు. రిజర్వేషన్ అయితే ల్యాన్ ఐపీ మార్చాక మ్యాక్ అడ్రసులు కూడా ఎక్కించాలి, పన్నెండు అక్షరాల చొప్పున, ఫోన్‌లో.

కరెంటు వచ్చిన క్షణం సంగతి ఇంకా సూక్ష్మమైనది. సర్వర్, రౌటర్ ఒకేసారి లేస్తాయి. రౌటర్ ఐపీలు పంచే స్థితికి రావడానికి కొంత సమయం పడుతుంది. ఈలోగా సర్వర్ ఎదురుచూస్తూ ఉంటుంది. లినక్స్‌లో సర్వీసులని మొదలుపెట్టే సిస్టమ్‌డీలో నెట్‌వర్క్ కోసం ఆగే సర్వీసు 120 సెకన్లు చూసి, చాలించుకుంటుంది. దాని వెనక ఉన్నవి ఐపీ లేకుండానే మొదలవుతాయి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో వినాల్సిన అడ్రసులుగా లోకల్‌హోస్ట్‌తో (అంటే ఆ సర్వర్ తనకి తానే) పాటు 192.168.1.50 రాశారనుకోండి. ఆ ఐపీ ఇంకా రాకముందే పోస్ట్‌గ్రెస్ లేస్తే, లోకల్‌హోస్ట్ మీద మాత్రమే నిలబడి, లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటుంది. ఆ తర్వాత ఐపీ వచ్చినా అది మళ్లీ పట్టించుకోదు. మీరు చూస్తే సర్వీసు పచ్చగా ఉంటుంది, పింగ్ వెళ్తుంది, డేటాబేస్ మాత్రం ఏ పీసీకీ అందదు. ఏ రోజైనా పోస్ట్‌గ్రెస్‌ని రీస్టార్ట్ చెయ్యగానే అంతా బాగుపడితే, జబ్బు ఇదేనా అని లాగ్ చూడండి. సర్వర్‌లోనే స్టాటిక్ ఉంటే కేబుల్ అవతల స్విచ్ వెలిగితే చాలు, రౌటర్ లేచిందా లేదా అన్న దానితో సంబంధం లేకుండా ఐపీ నిలబడుతుంది. నా మట్టుకి ఈ ఒక్క తేడాతోనే లెక్క తేలిపోయింది.

ఇక స్టాటిక్‌కి పట్టే అసలు జబ్బు, ఐపీ ఢీకొనడం. ఎన్ని చోట్ల చూసినా రోగం ఒకటే. రౌటర్ 2 నుంచి 254 దాకా అన్నీ పంచుతూ ఉంటుంది, మనం మధ్యలో 50 తీసుకుని సర్వర్‌కి రాసేస్తాం. రౌటర్‌కి ఆ సంగతి తెలీదు. కొన్నాళ్లకి ఎవరో కొత్త ఫోన్‌తో వైఫైలోకి వస్తారు, రౌటర్ ఆ 50 వాళ్లకి ఇచ్చేస్తుంది. ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపు యజమాని నాతో అన్న మాట ఇదీ: "ఏటి బాబూ ఇది, పొద్దున్న ఉంటది, మద్దేలకి ఉండదు, మళ్లీ సాయంత్రానికి దానంతట అదే వస్తది." ఉండీ లేనట్టుండే ఈ లక్షణం కనిపిస్తే ముందు ఢీకొనడాన్నే అనుమానించాలి. ఏదైనా లినక్స్ పీసీ నుంచి 'ఐపీ నెయ్‌బర్' కొట్టి 50కి ఎదురుగా ఏ మ్యాక్ ఉందో చూడండి, కాసేపాగి మళ్లీ చూడండి. మ్యాక్ మారితే ఆ నంబరుకి ఇద్దరు యజమానులున్నట్టే. 'ఆర్ప్‌పింగ్' చేస్తే ఇద్దరూ జవాబు చెప్పడం కళ్లారా కనిపిస్తుంది. పరిష్కారం సులువు. రౌటర్ పంచే శ్రేణిని 100 నుంచి 200కి కుదించి, సర్వర్‌కి 100 కంటే తక్కువ నంబరు ఇవ్వాలి. ఈ కుదింపో, దానికి వీల్లేకపోతే చివర్లో చెప్పే ఉపాయమో లేకుండా స్టాటిక్ రాయడం నేను ఒప్పుకోను.

రిజర్వేషన్‌కి కూడా దాని జబ్బు దానికుంది, తక్కువమందికి తెలుసు. మ్యాక్ అడ్రస్ సరిగ్గానే ఎక్కించారు, అయినా సర్వర్ వేరే ఐపీ తెచ్చుకుంటుంది. కారణం ఏమిటంటే, ఉబుంటు సర్వర్‌లో నెట్‌వర్క్ చూసుకునే సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ ఐపీ అడిగేటప్పుడు తనని తాను మ్యాక్‌తో కాకుండా, మెషీన్ ఐడీ నుంచి తయారు చేసుకున్న డీయూఐడీ అనే గుర్తుతో పరిచయం చేసుకుంటుంది. కొన్ని డీహెచ్‌సీపీ సర్వర్లు ఆ గుర్తునే ముందు చూస్తాయి. వర్చువల్ మెషీన్‌ని క్లోన్ చేస్తే మెషీన్ ఐడీ కూడా క్లోన్ అవుతుంది కాబట్టి, మ్యాక్‌లు వేరైనా రెండు మెషీన్లూ ఒకే ఐపీకి ఎగబడతాయి. ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులు రాసే నెట్‌ప్లాన్ ఫైల్లో డీహెచ్‌సీపీ ఐడెంటిఫైయర్‌ని 'మ్యాక్' అని పెడితే రిజర్వేషన్ దారికొస్తుంది. క్లోన్లకైతే కొత్త మెషీన్ ఐడీ పుట్టించాలి.

సరే, సర్వర్‌లోనే రాయాలని నిర్ణయించుకున్నారు. ఎలా రాయాలన్నది డిస్ట్రో (లినక్స్ రకం) బట్టి తేలిపోతుంది, పెద్దగా ఎంచుకోవడానికేం లేదు. ఉబుంటు 18.04 నుంచి సర్వర్లలో నెట్‌ప్లాన్. యామెల్ ఫైలు కాబట్టి ట్యాబ్ కొట్టకూడదు, స్పేసులే. పాత వ్యాసాల్లో కనిపించే 'గేట్‌వే4' ఇప్పుడు వద్దంటున్నారు, దాని బదులు రూట్స్ కింద డీఫాల్ట్ రూట్ రాయాలి. రాసిందల్లా రీబూట్ తర్వాత మాయమైందంటే క్లౌడ్ ఇనిట్ (సర్వర్ లేచేటప్పుడు సెట్టింగులు తనే రాసే ప్రోగ్రాం) పని. పేరు 50 అంకెతో మొదలయ్యే దాని ఫైల్లో రాసుకుంటే అది మళ్లీ తన ఇష్టప్రకారం తిరగరాయొచ్చు. క్లౌడ్ ఇనిట్‌కి నెట్‌వర్క్ జోలికి రావద్దని విడిగా చెప్పి, మీ సొంత ఫైలు పెట్టుకోండి. ఒకే సర్వర్‌కి రెండు ఐపీలు కనిపిస్తే పాత ఫైల్లో డీహెచ్‌సీపీ ఇంకా 'ట్రూ' అనే ఉందేమో చూడండి. నెట్‌ప్లాన్‌లో నాకు బాగా నచ్చింది 'నెట్‌ప్లాన్ ట్రై'. మార్పు అమలు చేసి 120 సెకన్లలో మీరు ఎంటర్ కొట్టకపోతే పాతదానికి వెనక్కి వెళ్తుంది. అయితే ఐపీయే మారుతున్నప్పుడు దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లిన మీ ఎస్ఎస్‌హెచ్ సెషన్ తెగుతుంది, ఎంటర్ కొట్టే దారి ఉండదు. అలాంటప్పుడు మానిటర్, కీబోర్డు తగిలించి సర్వర్ ముందే కూర్చుని చెయ్యండి.

రెడ్‌హ్యాట్, రాకీ, ఆల్మా అయితే ఎన్ఎంసీఎల్ఐ అనే కమాండ్. అక్కడ తరచూ కనిపించేవి రెండు తప్పులు. ఐపీ వెనక ప్రిఫిక్స్, అంటే నెట్‌వర్క్ ఎంత పెద్దదో చెప్పే /24, రాయడం మరిస్తే దాన్ని /32గా తీసుకుంటుంది, పక్కనున్న పీసీ కూడా తన నెట్‌వర్క్‌లో లేనట్టే ప్రవర్తిస్తుంది. రెండోది, ఐపీవీ4 మెథడ్‌ని 'మాన్యువల్' చెయ్యకపోవడం. అలా వదిలేస్తే రాసిన ఐపీ, డీహెచ్‌సీపీ ఇచ్చిన ఐపీ రెండూ కూర్చుంటాయి. మార్చాక కనెక్షన్‌ని 'అప్' చేసే దాకా మార్పు ఫైల్లోనే ఉంటుంది. డెబియన్‌లో పాత ఇంటర్‌ఫేసెస్ ఫైలు ఇంకా చక్కగా పనిచేస్తుంది, దాని గురించి చెప్పడానికి అంతకన్నా లేదు.

రాశాక పనిచెయ్యకపోతే కింద నుంచి పైకి వెళ్లండి. కేబుల్ లైటు వెలుగుతోందా? ఇంటర్‌ఫేస్ పేరు మీరు ఫైల్లో రాసినదేనా? కొత్త కార్డు గుచ్చితే ఈఎన్‌పీ3ఎస్0 కాస్తా ఈఎన్‌పీ4ఎస్0 అయి కూర్చుంటుంది, అందుకే నేను నెట్‌ప్లాన్‌లో మ్యాక్‌తో మ్యాచ్ రాస్తాను. తర్వాత గేట్‌వేకి పింగ్. వెళ్లకపోతే ప్రిఫిక్స్, సబ్‌నెట్ చూడండి. గేట్‌వేకి వెళ్లి బయట ఇంటర్నెట్‌లో ఉన్న 8.8.8.8కి వెళ్లకపోతే 'ఐపీ రూట్'లో డీఫాల్ట్ లైను ఉందా, రెండున్నాయా చూడండి. అంకెలకి వెళ్లి పేర్లకి వెళ్లకపోతే డీఎన్ఎస్ రాయడం మర్చిపోయారు. డీహెచ్‌సీపీ మీద నుంచి స్టాటిక్‌కి మారినప్పుడు అందరూ మరిచేది అదే.

ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ల దగ్గర నెలకి డబ్బు కట్టి తీసుకునే స్టాటిక్ ఐపీ వేరే సంగతి. అది బయటి నుంచి మీ ఆఫీసుని చేరడానికి, ఆఫీసు లోపల సర్వర్ కనపడటానికి దానితో పనిలేదు. రౌటర్ వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) పేజీలో 100.64 నుంచి 100.127 మధ్య నంబరు కనిపిస్తే మీరు సీజీన్యాట్ (ఒకే బయటి ఐపీని చాలామందికి పంచే ఏర్పాటు) వెనక ఉన్నారు, బయటివాళ్లని సర్వర్‌కి పంపే పోర్ట్ ఫార్వర్డింగ్ మీద టైం పెట్టకండి. క్లౌడ్ సర్వర్లలో అయితే ఈ చర్చే లేదు, అక్కడ ప్యానెల్ చెప్పినట్టే ఉంచాలి. రౌటర్ మీ సొంతదై, దాని బ్యాకప్ ఫైలు మీ దగ్గర ఉండి, సర్వర్లు బోలెడుంటే రిజర్వేషనే మేలు. రుషికొండ ఐటీ ఆఫీసుల్లో పనిచేసే మిత్రులు అదే వాడతామంటే నేను కాదనను.

పంచే శ్రేణిని కుదించే వీలు లేని నాసిరకం రౌటర్ దొరికితే, సర్వర్‌లో స్టాటిక్ రాసి, అదే నంబరుని రౌటర్‌లో సర్వర్ మ్యాక్‌కి రిజర్వేషన్ కూడా పెట్టండి. సర్వర్ దాన్ని అడగదు, కానీ రౌటర్ ఆ నంబరుని ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెడుతుంది. సీతమ్మధార ల్యాబులో చేసింది ఇదే. ల్యాన్ ఐపీ, సర్వర్ ఐపీ, మ్యాక్ మూడూ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి సర్వర్ మూతకి అతికించి వచ్చాను.