నాలుగేళ్ళ మానిటర్, మారిన బోర్డు, రాత్రి పని

హనుమకొండలో మాది రెండు గదుల ఇల్లు. తెలుగు పాఠ్యపుస్తకాలకు, పరిశోధన వ్యాసాలకు ప్రూఫులు దిద్దే పని నేను ఇంటి నుంచే చేస్తాను. వంటా వార్పూ, పిల్లల చదువులూ పోగా నాకు మిగిలేది రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు ఉన్న సమయమే. పని బల్ల ఉన్న గదిలోనే మా అత్తమ్మ పడుకుంటారు. లైటు వెలుగుతుంటే ఆమెకు నిద్ర పట్టదు. అందుకే 2021 నవంబరులో 27 అంగుళాల 4కె మానిటర్ కొన్నప్పుడు నేను రంగులను గానీ వేగాన్ని గానీ పట్టించుకోలేదు. మెనూలో వెలుగును 10కి తగ్గించి, చీకటి గదిలో నాలుగు గంటలు అక్షరాలు చూసినా కళ్ళు మండకుండా, తల బరువెక్కకుండా ఉంటుందా అన్నది ఒక్కటే నాకు కావలసింది. మూడున్నరేళ్ళు అలాగే ఉంది. ఆ తర్వాత ఆ సుఖం పోయింది. ఎందుకు పోయిందో తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

కంపెనీ పేరు నేను కావాలనే రాయడం లేదు. ఒకే పేరు, ఒకే మోడల్ సంఖ్య ఉన్న రెండు మానిటర్లు లోపల ఒకేలా ఉండవని ఈ అనుభవం నాకు నేర్పింది. నేను పేరు చెప్పినందువల్ల ఎవరైనా కొన్నా పొరపాటే, కొనడం మానుకున్నా పొరపాటే.

మొదట దీని మంచి గుణం చెప్పాలి. అంతకు ముందు నేను వాడిన 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి సుమారు 92 చుక్కలు ఉండేవి. ఇందులో 163 ఉన్నాయి. ఇంగ్లీషు చదివేవారికి ఈ తేడా ఎంతవరకు అవసరమో గానీ, తెలుగు ప్రూఫులు చూసేవారికి ఇది పెద్ద తేడా. ‘థ’లోని చుక్క, ‘ధ’ కింది గీత, ‘ప’కూ ‘ఫ’కూ మధ్య భేదం, ఒత్తు కింద మరో ఒత్తు పడిన చోట ఉండే సన్నని సందు పాత తెరపై అలుక్కుపోయినట్టు కనిపించేవి. అనుమానం వచ్చిన ప్రతిచోటా పేజీని పెద్దది చేసి చూడవలసి వచ్చేది. తెలియకుండానే కళ్ళు చికిలించి, మెడ ముందుకు చాచి కూర్చునేదాన్ని. కొత్త తెర వచ్చిన వారంలోనే ఆ అలవాటు పోయింది. నాకు తెలిసిన డీటీపీ వాళ్ళందరికీ దీని గురించి గొప్పగా చెప్పాను. ఆ మాటల్లో కొన్నింటిని ఇప్పుడు సవరించుకోవలసి వస్తోంది.

వెలుగు తగ్గించే పద్ధతులు రెండున్నాయి. తెర వెనుక ఉన్న ఎల్ఈడీలకు అందే కరెంటునే తగ్గించడం ఒకటి. కరెంటును తగ్గించకుండా, ఎల్ఈడీలను సెకనుకు వందల సార్లు ఆర్పి వెలిగిస్తూ, ఆరి ఉండే సమయాన్ని పెంచడం రెండోది. దీన్ని పీడబ్ల్యూఎం అంటారు. రెండో పద్ధతిలో తెర మనకు నిలకడగా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది గానీ నిజానికి ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. వెలుగును ఎంత తగ్గిస్తే చీకటి ఉండే సమయం అంత పెరుగుతుంది కనుక, రాత్రిపూట తక్కువ వెలుగులో పనిచేసే నాలాంటివారికి అసలు పరీక్ష అక్కడే. పాత ల్యాప్‌టాప్ తలనొప్పుల వల్ల నాకు ఈ సంగతి అప్పటికే తెలుసు. అందుకే మానిటర్ కొన్న రోజునే ఫోన్ కెమెరాలో షట్టర్ వేగాన్ని 1/2000కు (సెకనులో రెండువేలో వంతుకు) పెట్టి, మెనూలో వెలుగును 100 నుంచి 0 వరకు తగ్గిస్తూ తెల్లటి తెరను వీడియో తీశాను. తెర ఆరుతూ వెలుగుతూ ఉంటే ఇలాంటి వీడియోలో నల్లని చారలు పడతాయి. ఎక్కడా ఒక్క చార కనిపించలేదు. ఆ వీడియోను చెరిపివేయకుండా ఉంచుకోవడం తర్వాత ఎంతో ఉపయోగపడింది.

2025 మే నెలాఖరులో ఒక సాయంత్రం ఈదురుగాలులతో వాన వచ్చి, కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చింది. చివరిసారి వచ్చినప్పుడు మానిటర్ వెలగలేదు. మూడేళ్ళ వారంటీ అప్పటికే ముగిసింది. మా మరిది కారులో హైదరాబాదు తీసుకువెళ్ళి కంపెనీ సర్వీసు కేంద్రంలో ఇచ్చివచ్చాడు. తెర దీపాలకు కరెంటు అందించే పవర్ బోర్డు కాలిపోయిందని చెప్పి, అదే కంపెనీ కొత్త బోర్డు వేసి, పన్నెండు రోజుల తర్వాత 4,800 రూపాయలు తీసుకున్నారు. పాత బోర్డును కూడా ఇమ్మని అడిగి తెచ్చుకున్నాము. తెర ఎప్పటిలాగే వెలిగింది, రంగులు అవే, అక్షరాలు అవే. నేను సంతోషంగా రాత్రి పనికి కూర్చున్నాను.

మూడో రాత్రికి కుడి కనుబొమ్మ మీద నొప్పి మొదలైంది. వారం గడిచేసరికి గంటకు మించి కూర్చోలేకపోయాను; కళ్ళు మూసుకున్నా లోపల ఏదో అదురుతున్నట్టుండేది. మానిటర్ బాగుపడి వచ్చింది కనుక దాన్ని అనుమానించాలని కూడా నాకు తోచలేదు. నా కళ్ళనే అనుమానించాను. వయసు 46; చత్వారం వచ్చి రెండేళ్ళయింది. కంటి డాక్టరు పరీక్షించి దగ్గరి చూపు నంబరు కొద్దిగా పెరిగిందన్నారు. దూరానికీ దగ్గరకూ కలిపి ఉండే ప్రోగ్రెసివ్ అద్దాల కింది భాగంలోంచి తెరను చూడడానికి నేను గడ్డం పైకెత్తి కూర్చుంటున్నానని గమనించి, చేయి చాపినంత దూరానికి సరిపోయేలా వేరే అద్దాలు రాశారు. తెర చూసేటప్పుడు రెప్పలు వాల్చడం బాగా తగ్గిపోతుందని, ఆపైన కూలర్ గాలి నేరుగా ముఖానికి కొడితే కంటి తడి ఇట్టే ఆరిపోతుందని చెప్పి చుక్కల మందు కూడా ఇచ్చారు. ఇవన్నీ నిజంగా మేలు చేశాయి. మంట తగ్గింది, మెడనొప్పి పోయింది. కానీ కనుబొమ్మ మీది నొప్పి మాత్రం అలాగే ఉండిపోయింది. అద్దాల దుకాణంలో నీలి కాంతిని ఆపే పూత వేస్తే పోతుందని నమ్మించి 900 రూపాయలు అదనంగా తీసుకున్నారు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను పరిశీలించిన 2023 నాటి సమీక్షలో, అలాంటి అద్దాలకూ మామూలు అద్దాలకూ కంటి అలసట విషయంలో స్వల్పకాలంలో తేడా ఉండకపోవచ్చని తేల్చినట్టు తర్వాత చదివాను. ముందే చదివి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

జూలై చివర ఒక రాత్రి, ఏమీ తోచక, పాత పరీక్షనే మళ్ళీ చేశాను. వెలుగు 100 దగ్గర తెర శుభ్రంగా ఉంది. 60 దగ్గరా అంతే. 40 దాటి కిందికి రాగానే సన్నని నల్లని చారలు కనిపించాయి. 10 దగ్గర సగానికి పైగా తెరను చారలే కప్పేశాయి. ఫోన్ అదే, షట్టర్ వేగం అదే. 2021 నాటి వీడియోను పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే మానిటర్‌వి అంటే ఎవరూ నమ్మరు. నేను ప్రాణంగా చూసుకున్న గుణం, దేనికోసమైతే ఈ మానిటర్ కొన్నానో ఆ ఒక్క గుణం, బోర్డుతో పాటే పోయింది. నాకు కోపం కన్నా దుఃఖమే ఎక్కువ కలిగింది.

సర్వీసు కేంద్రానికి ఫోన్ చేసి రెండు వీడియోలూ పంపాను. మాట్లాడిన అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. “మేడం, బోర్డు కంపెనీదే, ఇది కొత్త రివిజను. పాతది ఇప్పుడు వస్తలేదు. డిస్‌ప్లే మంచిగనే ఉన్నది కదా?” అన్నాడు. చారల సంగతి చెప్పాను. “కెమెరాకు కనపడితే ఏమైతది మేడం, కండ్లకు కనపడాలె గద?” అన్నాడు. చాలామందికి ఉన్న నమ్మకమే అది, అందువల్ల ఆ అబ్బాయిని తప్పుపట్టను. కానీ డబ్బాపై ‘ఫ్లికర్ ఫ్రీ’ (మిణుకు లేనిది) అని అచ్చు వేసి అమ్మిన వస్తువుకు ఆ గుణం లేని బోర్డు వేస్తూ, ఆ సంగతి ముందుగా ఒక్క మాటైనా చెప్పకపోవడాన్ని మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

వేరే దారి లేక వెలుగును 45 దగ్గర ఉంచడం మొదలుపెట్టాను. చీకటి గదిలో ఆ వెలుగు కళ్ళల్లో గుచ్చుకుంటుంది, అత్తమ్మ ముఖం మీద పడుతుంది. అందుకని బల్లను ముందు గదిలోకి మార్చి, ట్యూబులైటు వేసుకొని పనిచేశాను. నొప్పి తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. 45 దగ్గర కూడా బోర్డు ఏదో చేస్తోందని, కెమెరా దాన్ని పట్టుకోలేకపోతోందని అనుకొని, మానిటర్‌ను అమ్మివేయడానికి సిద్ధపడ్డాను.

అప్పుడే బతుకమ్మ సెలవులకు మా ఆడబిడ్డ కొడుకు వచ్చాడు. ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. నా గోడంతా విని, పాత తోట దీపంలోంచి చిన్న సోలార్ సెల్ ఊడదీసి, దాని రెండు తీగలను ఇంట్లో ఉన్న పాత ఆంప్లిఫయర్‌కు కలిపాడు. “అత్తమ్మా, వెలుగు అదిరితే సెల్ కరెంటు అదురుతది, స్పీకర్‌లో చప్పుడైతది. నిలకడగ ఉంటే ఏం వినపడది” అన్నాడు. లైట్లన్నీ ఆర్పి సెల్‌ను తెర ముందు పెట్టాము. 45 దగ్గర నిశ్శబ్దం. 35కు తగ్గించగానే సన్నగా జుంయిమన్న శబ్దం మొదలైంది. ఇంకా తగ్గించిన కొద్దీ గరుకుదేలింది. ఫోన్‌లోని ఒక యాప్ ఆ శబ్దాన్ని 240 హెర్ట్జ్‌గా, అంటే సెకనుకు 240 సార్లుగా చూపింది. నాలుగు నెలలు నా నుదుటి మీద ఆడిన దాన్ని చెవులతో విన్నాను. ఎల్ఈడీల మిణుకుపై అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ 2015లో ప్రకటించిన 1789 మార్గదర్శకం ప్రకారం లెక్కవేస్తే, 240 హెర్ట్జ్ దగ్గర వెలుగు హెచ్చుతగ్గులు సుమారు 19 శాతం లోపు ఉంటేనే ప్రమాదం తక్కువ. పూర్తిగా ఆరి వెలిగే దీపంలో అది 100 శాతం.

అంతటితో ఆగితే నా కోపానికి కావలసిన రుజువు దొరికినట్టే. కానీ మా వాడు తిరిగి ట్యూబులైటు వేశాడు. సెల్ ఇంకా కలిపే ఉంది. తెర నుంచి వచ్చినదానికన్నా బొంగురుగా, ఇంకా గట్టిగా స్పీకర్ మోగింది. అది పాతకాలపు ఇనుప చోకు ఉన్న ట్యూబులైటు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కనుక అలాంటి లైటు వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. మానిటర్ నుంచి తప్పించుకోవడానికి నేను వచ్చి కూర్చున్నది దాని కిందే. బ్రిటన్‌లో ఆర్నాల్డ్ విల్కిన్స్, ఆయన సహచరులు 1989లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక కార్యాలయంలో ఇలాంటి చోకులున్న లైట్లకు బదులు అధిక పౌనఃపున్యంతో (సెకనుకు వేల సార్లు) పనిచేసే లైట్లు పెట్టినప్పుడు తలనొప్పులు, కంటి శ్రమ సగానికి పైగా తగ్గాయి. అక్కడి కరెంటు కూడా 50 హెర్ట్జ్‌దే. మర్నాడు దుకాణానికి సెల్‌నూ ఒక చిన్న స్పీకర్‌నూ తీసుకువెళ్ళి, శబ్దం రాని ఎల్ఈడీ బాటెన్ లైటును ఏరి తెచ్చుకున్నాము. అక్కడ చూసిన ఆరింటిలో రెండే నిశ్శబ్దంగా ఉన్నాయి.

లైటు మార్చిన పది రోజులకు నొప్పి దాదాపు పోయింది. దానివల్ల నా ఫిర్యాదును కొంత తగ్గించుకోవాలి: జూన్, జూలై నెలల్లో చీకటి గదిలో వచ్చిన నొప్పికి బోర్డే కారణమని నాకు గట్టి నమ్మకం ఉంది, కానీ ముందు గదిలోకి వచ్చాక వచ్చిన నొప్పిని దాని మీద మోపడం న్యాయం కాదు.

నా పొగడ్తలు విని 2023లో ఇదే మోడల్ కొన్న కరీంనగర్ మిత్రుడి సంగతి కూడా చెప్పాలి. నవంబరులో వారింటికి వెళ్ళినప్పుడు పరీక్షిస్తే, ఎన్నడూ విప్పని ఆయన మానిటర్‌లో కూడా 40 కింద చారలున్నాయి. కంపెనీ అప్పటికే లోపలి భాగాలు మార్చివేసిందన్నమాట. చిత్రమేమిటంటే ఆయన రోజూ పది గంటలు వెలుగును 20 దగ్గర పెట్టుకొని పనిచేస్తాడు, ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. కాబట్టి ఈ మిణుకు అందరినీ బాధిస్తుందని నేను అనలేను. నన్ను బాధిస్తుందని మాత్రమే అనగలను.

ఈలోగా ఒకరి దగ్గర ఈ-ఇంక్ పలక అడిగి తెచ్చుకొని మూడు వారాలు వాడాను. నల్లని, తెల్లని రేణువులు కదిలి అక్షరాలు ఏర్పడతాయి, వెనుక దీపం ఉండదు, కనుక కంటికి హాయిగానే ఉంది. పుస్తకాన్ని ఒకసారి సాంతం చదవడానికి దానికి సాటి లేదు. కానీ దిద్దుబాటు పెట్టిన ప్రతిసారీ పాత అక్షరం నీడ మిగిలిపోతుంది, పేజీ మారడానికి ఆగాలి. 300 పుటల ప్రూఫును దాని మీద దిద్దలేను.

ఈ మానిటర్‌ను కొనమని చెప్పను, వద్దనీ చెప్పను. వెలుతురున్న గదిలో పగటిపూట తెలుగు అక్షరాలతో పనిచేసేవారికి దీని స్పష్టతలో వంక పెట్టలేను. నాలాగా చీకట్లో వెలుగు తగ్గించుకొని పనిచేయవలసినవారు మాత్రం, మోడల్ పేరు కాకుండా తమ ఇంటికి వచ్చిన ఆ ఒక్క మానిటర్‌ను, తిరిగి ఇవ్వగలిగే గడువులోనే, ఫోన్ కెమెరాతో పరీక్షించుకోవాలి. ఆ వీడియోను దాచుకోవాలి. రిపేరుకు ఇచ్చేటప్పుడు పాత భాగాన్ని వెనక్కి అడగాలి.

నా పాత బోర్డును హనుమకొండ చౌరస్తా దగ్గర రిపేరు చేసే అన్నకు చూపించాను. కాలిపోయినవి రెండు భాగాలేనని, వెలుగును అదుపు చేసే భాగం బాగానే ఉన్నట్టుందని, నాలుగు రోజులు మానిటర్ ఇస్తే ప్రయత్నిస్తానని అన్నాడు. చేతిలో పదో తరగతి పుస్తకం ప్రూఫులు ఉన్నాయి, ఉగాది దాకా మానిటర్‌ను వదిలి ఉండలేను. బోర్డును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. వెలుగు ప్రస్తుతానికి 45 దగ్గరే ఉంది.