వెయ్యి గ్రహాల చక్రవర్తా, ఒక్క గేటు సామంతుడా: ఏది మేలు?

"అన్నా, ఎన్ని గ్రహాలతోని షురూ చెయ్యాలె?" ఒక్కొక్కరం ఒక అంతరిక్ష రాజ్యాన్ని ఊహించుకొని, అందరం కలిసి కథ రాసుకుంట ఆడే మా తెలుగు రోల్‌ప్లే సర్వర్‌లకు కొత్తగ వచ్చినోళ్లు నోరు తెరిస్తే ఇదే అడుగుతరు. సద్దుల బతుకమ్మకు హన్మకొండ వచ్చిన మా చిన్నమ్మ కొడుకు కూడ రాత్రి మిద్దె మీద కూసోని ఇదే అడిగిండు. అప్పటికే ఫోన్‌ల జెండా గీసుకున్నడు, చక్రవర్తికి పదహారు బిరుదులు తగిలించిండు, గ్రహాల లెక్క 1000కి చేర్చిండు. వాడికి చెప్పిందే ఇక్కడ జర వివరంగ రాస్తున్న. మళ్లమళ్ల టైపు కొట్టే బాధ తప్పుతది.

ఐసీ (కథల పాత్రగ మాట్లాడుడు), ఓఓసీ (కథ బయట ఆటగాడిగ మాట్లాడుడు), గాడ్‌మోడింగ్ (నా పాత్రకు ఓటమే లేదన్నట్టు రాసుడు) అంటే ఏందో తెలిసినోళ్లకే ఇది. ఎక్కడ ఆడాలె అన్నదానికి కూడ ఎక్కువ చెప్ప. డిస్కార్డ్‌ల మాట తొందరగ నడుస్తది, రాసింది అంతే తొందరగ పైకి కొట్టుకపోతది. 2002 నుంచి నడుస్తున్న నేషన్‌స్టేట్స్ వెబ్‌సైట్ లాంటి చోట పొడుగ్గ రాసుకోవచ్చు, జవాబు కోసం రోజులకు రోజులు ఆగాలె. మీ ఓపికను బట్టి ఎంచుకోండ్రి.

ముందు మహాసామ్రాజ్యం సంగతి. దాంట్ల మజా లేదని అన. నాలుగేండ్ల కింద నేను మొదలుపెట్టింది కూడ గదే. 3000 గ్రహాలు, పన్నెండు పేజీల చరిత్ర, నౌకలకు తరగతుల వారీగ పేర్లు. రెండు వారాలు ఎవరూ తొంగి చూడలే. ఆఖరికి తొంగి చూసినోడు యుద్ధం ప్రకటించిండు. నా నౌకల కవచం పగలదని నేను, తన ఫిరంగి ఏ కవచాన్నయిన పగలగొడ్తదని వాడు. మూడు రోజులు లొల్లి నడిచింది. నాలుగో రోజు మోడరేటర్ వచ్చి కథకు తాళమేసిండు.

తప్పు ఎక్కడ జరిగిందో చాన రోజులకు గని తట్టలే. నా సామ్రాజ్యానికి అన్నీ ఉన్నయి. లోహాలున్నయి, తిండి ఉంది, ఇంధనం ఉంది, ఓడిపోయిన చరిత్ర ఒక్కటి లేదు. ఏ లోటూ లేనోడు ఇంకొకరి గడప తొక్కడు. వాడి గడప తొక్కేటందుకు ఎదుటోడికి కూడ పనేమీ ఉండదు. ఇద్దరికీ పని లేనప్పుడు మిగిలేది కొట్లాట. రోల్‌ప్లేల కొట్లాట ఎట్ల ఉంటదో మీకు తెలుసు, నా అంకె పెద్దదా, నీ అంకె పెద్దదా అన్నకాడికే వస్తది.

అయినా పెద్దదే కావాలని పట్టుపట్టేటోళ్లకు ఒక మందుంది. కబురు ఆలస్యం. సూర్యుడి వెలుగు మన దాక రావడానికే 8 నిమిషాల 20 సెకన్లు పడ్తది. అంగారకుడికి ఒక మాట చేరాలంటే, రెండు గ్రహాలు ఎక్కడున్నయో చూసుకొని, సుమారు 3 నుంచి 22 నిమిషాలు. సూర్యుణ్ని పక్కకు పెడితే మనకు అన్నిటికన్న దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారికి 4.24 ఏండ్లు. పాలపుంతకు ఈ కొస నుంచి ఆ కొసకు దగ్గర దగ్గర లక్ష ఏండ్లు. అందుకే అందరం కాంతిని దాటే ఇంజన్, అదే ఎఫ్‌టీఎల్, పెట్టుకుంటం. కొత్తోళ్లు దాన్ని చిటికెల చేర్చేటట్టు రాస్తరు. ఉప్పల్‌ల బస్సెక్కి హన్మకొండ చౌరస్తల దిగినంత సులువుగ గెలాక్సీ అవతలికి పోయొస్తే, ఇగ సరిహద్దెందుకు, దూరపు గ్రహానికి గవర్నర్ ఎందుకు? రాజధాని నుంచి ఆజ్ఞ చేరడానికి ఆర్నెల్లు పడ్తదని పెట్టి చూడండ్రి. ఆ గవర్నర్ సొంత బుద్ధితోని పని చెయ్యాల్సి వస్తది. తప్పు చేస్తడు, చేసింది దాస్తడు, పక్క రాజ్యంతోని చాటుకు బేరం పెడ్తడు. ఆ పక్క రాజ్యం ఇంకో ఆటగాడిది. కథ గక్కడ అంటుకుంటది. ఇంజన్ ఎంత వేగమో తేల్చుకున్నంకనే గ్రహాలు లెక్కపెట్టుకోండ్రి.

రెండోది ఒక్క గ్రహం. దీన్ని అందరూ సలహా ఇస్తరు, ఇస్తే తప్పు కూడ లేదు. రాసుడు సులువు. ఎవరి పేరు ఏందో, ఎవరికి ఎవరంటే పడదో యాదికుంటది. నా రెండో ప్రయత్నం మంచు తవ్వుకొని బతికే వలస, 40,000 మంది జనం. ఈసారి లోట్లకు కొదువ లేదు. విత్తనాలు లేవు, మిషన్ల విడిభాగాలు లేవు, డాక్టర్ ఒక్కడే. అయితే ఒక్క తెలివితక్కువ పని చేసిన. నా గ్రహాన్ని పటం మీద ఒక మూలకు నెట్టి, పెద్ద రాజ్యాలకు దూరంగ ప్రశాంతంగ ఉంటదనుకున్న. ప్రశాంతంగనే ఉంది. నెలరోజులు మంచినీళ్ల పైపుల గురించి, వార్డు పంచాయితీల గురించి రాసుకుంట కూసున్న. రాత బాగనే కుదిరింది గని చదివింది నేనొక్కన్నే.

అంటే లోటు ఉంటే సరిపోదు, తొవ్వల కూడ ఉండాలె. నాకు ఎదుటోడు కావాలె, ఎదుటోడు నా ముంగట నుంచి పోకుంట ఉండొద్దు. ఏది ఎంచుకున్నా ఈ ఒక్కటి చూసుకుంటే చాలంటా. గ్రహాల లెక్క, జెండా, బిరుదులు అన్నీ దీని తర్వాతనే.

కాజీపేటనే చూడండ్రి. ఊరెంత? సికింద్రాబాద్ పోయే లైను, బల్లార్షా మీదుగ ఢిల్లీ పోయే లైను, విజయవాడ పోయే లైను అక్కడ కలుస్తయి, గందుకే దేశంల ఎక్కడోళ్లకైన ఆ పేరు తెలుసు. మీ మొదటి గ్రహం కాజీపేట లెక్క ఉండాలె.

మూడో తొవ్వ సామంతం. ఇంకో ఆటగాడి సామ్రాజ్యం కింద నౌకల తొవ్వలు కలిసే ఒక జంక్షన్ గేటు, దాని పక్కన ఒక గ్రహం అడిగి తీసుకొని, కప్పం కట్టుకుంట ఆడుడు. ఇది చెప్పంగనే మా తమ్ముడి మొఖం మాడిపోయింది. "చక్రవర్తి అయితనంటే పటేల్ పని ఇస్తున్నవేందన్నా" అన్నడు. మిద్దె మీదికెళ్లి వేయిస్తంభాల గుడి దిక్కు చెయ్యి చూపెట్టిన. కాకతీయులు రాష్ట్రకూటుల దగ్గర, ఆ తర్వాత కళ్యాణి చాళుక్యుల దగ్గర సామంతులుగ ఉన్నోళ్లే. మేం స్వతంత్రులమని రుద్రదేవుడు చాటుకున్న శాసనం ఆ గుడిలనే ఉంది, 1163 నాటిది. అంతకు ముందు తరాల తరబడి ఇంకొకరి పేరు మీద యుద్ధాలు చేసినోళ్లే, ఆ యుద్ధాలల్లనే బలం కూడగట్టుకున్నోళ్లే.

నా మూడో ఆట ఇదే. మూడు తొవ్వలు కలిసే గేటు, దాని మీద సుంకం వసూలు. మొదటి పోస్టు ఎట్ల రాయాల్నో మాత్రం గణపతిదేవుడి మోటుపల్లి శాసనం చూసి నేర్చుకున్న. 1244ల వేయించిన అభయ శాసనం అది. వెనుకటి రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంత గుంజుకునేటోళ్లు, మేం అట్ల చెయ్యం, నిర్ణయించిన సుంకం తప్ప ఏం తీసుకోమని సముద్ర వర్తకులకు మాటిచ్చిండు. దాంట్ల ఏముందో చూడండ్రి. వెనుక ఒక అన్యాయం, ముంగట ఒక మాట, చేతిల ఒక సుంకాల పట్టీ. ఆ మాట నిలబెట్టుకుంటడా లేదా అని చూసేటందుకైన ఓడ రావాలె. నేను అచ్చం గిట్లనే, ఇరుక్కున్న నౌకల సరుకు ముట్టమని ప్రకటన వేసిన. మొదటి వారంలనే ఐదుగురి నౌకలు వచ్చి ఆగినయి. ఒకడి దగ్గర సుంకానికి పైసల్లేవు, ఒకడి దగ్గర దొంగ సరుకు, ఇంకొకామె శరణార్థులను తెచ్చి నడిమిట్ల పెట్టింది. మా చక్రవర్తేమో ఎవరినీ దిగనియ్యొద్దని కబురు పెట్టిండు. మాట నిలబెట్టుకోవాల్నా, దొర మాట వినాల్నా? ఆ ఒక్క చిక్కుముడి మీద రెండు నెలలు ఆడినం.

దీనికి ఉన్న రోగం కూడ చెప్పాలె కద. మా చక్రవర్తి ఆటగాడు గ్రూప్-2 చదువుల పడి ఆరు వారాలు కనపడలే. నా గేటు సగం తెరిచి సగం మూసినట్టు అట్లనే ఆగింది. యుద్ధం చేద్దామంటే అనుమతి లేదు, సంధి చేసుకుందామంటే ముద్ర లేదు. అందుకే సామంతం తీసుకునేటప్పుడు ఓఓసీల మూడు ముచ్చట్లు రాసుకోండ్రి. కప్పం ఎంత, యుద్ధం ఎవరు ప్రకటించొచ్చు, దొర 30 రోజులు పలకకపోతే ఎవరి మాట చెల్లుతది. ఇంకొకటి, చక్రవర్తిని ఎంచుకునే ముందు ఆయన పాత పోస్టులు చదవండ్రి. ఒక్కసారి కూడ ఓడిపోనోడి కింద చేరొద్దు. వాడు మీ కథను కూడ వాడే గెలుస్తడు.

కూలిన సామ్రాజ్యం తునకతోని మొదలుపెట్టేటోళ్లు కూడ ఉన్నరు. 1323ల ఓరుగల్లు పడిపోయినంక ముసునూరి నాయకులు, రేచర్ల పద్మనాయకులు, రెడ్డిరాజులు తలా ఒక దిక్కు లేచిన్రు కద, అసొంటిది. పాత వైభవం ముచ్చట తీరుతది, లోట్లు కూడ వాటంతటవే వస్తయి. కాకపోతే చాన మంది పోయిన రాజధాని కోసం ఏడ్చుకుంటనే పది పోస్టులు ఖర్చు చేస్తరు. ఏడుపు రెండు పోస్టులకు ఆపగలిగితే పర్వాలేదు. సముద్రపు దొంగల లెక్క అంతరిక్ష దొంగలు నాలుగు రోజుల సరదా. ఒకే మనసున్న యంత్రాల గుంపు అసలే వద్దు, మాట్లాడేటందుకు మనిషే దొరకడు.

మా తమ్ముడు దీపావళి దాక అలిగి, ఆ తర్వాత మెసేజ్ పెట్టిండు. సామంతుడు కానన్నడు. 1000 గ్రహాలు కూడ తగ్గియ్యనన్నడు. 997 గ్రహాల నుంచి కబుర్లు ఎందుకు ఆగినయో రాజధానిల ఎవరికీ తెల్వదని మాత్రం ఒప్పుకున్నడు. కనుక్కోవడానికి పోయిన మొదటి నౌక ఇప్పుడు నా గేటు దగ్గర ఆగి ఉంది, చేతిల సుంకం పైసల్లేవట.