హారిస్ కౌంటీ కోర్టు కాగితాలు: వెతకడం తేలికే, అడగడంలోనే ఉంది కిటుకు

హ్యూస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు కోర్టు కాగితంతో పనిపడేది ఎక్కువగా మూడు సందర్భాల్లో. విడాకుల డిక్రీ కాపీ కావాలి. గ్రీన్‌కార్డుకో పౌరసత్వానికో పాత కేసు ఎలా ముగిసిందో చూపించాలి. లేదంటే అద్దె తగాదా, చిన్న అప్పు దావా ఏ దశలో ఉందో తెలుసుకోవాలి. మూడింటికీ హారిస్ కౌంటీ డిస్ట్రిక్ట్ క్లర్క్ సైటు మీదే పడతారు. మొదటి రెండింటికి అది చాలావరకు సరైన చోటే. మూడోదానికి కాదు. ఆ సైటుకీ, ఆ ఆఫీసు ఇచ్చే కాపీలకీ మా మార్కులు ఇవి: వెతకడానికి ఐదుకు నాలుగున్నర, కాపీలకు నాలుగు, కొత్తవాళ్లకు దారి చూపించడంలో రెండు.

ముందు ఆ రెండు మార్కుల సంగతి. టెక్సస్‌లో కోర్టు కాగితాలన్నీ ఒకే గూటిలో ఉండవు. విడాకులు, పిల్లల కస్టడీ, పెద్ద సివిల్ దావాలు, ఫెలొనీ (తీవ్ర నేరాల) కేసులు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర ఉంటాయి. హారిస్‌లో మిస్‌డిమీనర్ (చిన్న నేరాల) కేసులు నడిచేది కౌంటీ క్రిమినల్ కోర్టుల్లో. అయినా వాటి కాగితాలు కూడా డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గరే దొరుకుతాయి. కౌంటీ క్లర్క్ అనేది పూర్తిగా వేరే ఆఫీసు. పెళ్లి లైసెన్సులు, ఇంటి డీడ్లు, వీలునామాల ప్రొబేట్, కౌంటీ సివిల్ కోర్టుల ఫైళ్లు అక్కడ. ఇరవై వేల డాలర్ల లోపు దావాలు, ఇల్లు ఖాళీ చేయించే కేసులు జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టులకు వెళ్తాయి. హారిస్‌లో ఇవి 8 ప్రిసింక్టుల్లో (కౌంటీ విభాగాల్లో) 16 ఉన్నాయి, వీటికి సొంత సైటు ఉంది. హ్యూస్టన్ సిటీ పోలీసు రాసిన ట్రాఫిక్ టికెట్ అయితే కౌంటీకి సంబంధమే లేదు, మునిసిపల్ కోర్టును అడగాలి. తప్పు సైటులో పేరు కొట్టి, ఏమీ రాకపోతే "కేసు లేదు" అనుకుని ఊరుకోవడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

రెండో పొరపాటు కౌంటీనే తప్పుగా అనుకోవడం. కేటీ ఊరు హారిస్, ఫోర్ట్ బెండ్, వాలర్ మూడు కౌంటీల్లోకీ చాచుకుని ఉంది. షుగర్‌ల్యాండ్ ఫోర్ట్ బెండ్‌లోది. డాలస్ వైపు ఫ్రిస్కో సగం కాలిన్‌లో, సగం డెంటన్‌లో. పోస్టల్ అడ్రసు చూసి కౌంటీ తేల్చకండి. విడాకుల విషయంలో ఇంకో మెలిక ఉంది. భార్యాభర్తల్లో ఒకరు దావా వేసే ముందు 90 రోజులు ఆ కౌంటీలో, ఆరు నెలలు టెక్సస్‌లో ఉండి ఉంటే చాలు. అంటే అప్పట్లో ఇద్దరూ వేర్వేరు చోట్ల ఉంటే రెండు కౌంటీల్లోనూ వెతకాలి.

ఇక వెతుకులాట. ఉచితంగా ఖాతా తెరిచి లాగిన్ అయితే కేసుల పట్టికే కాదు, స్కాన్ చేసిన కాగితాలూ తెరుచుకుంటాయి. ఈ విషయంలో హారిస్‌ను మెచ్చుకోవాలి. కాలిఫోర్నియాలో కుటుంబ, క్రిమినల్ కేసుల కాగితాలను మామూలు జనం ఇంట్లోంచి చూడ్డానికి రూల్ 2.503 ఒప్పుకోదు, కోర్టుకు వెళ్లాల్సిందే. న్యూయార్క్‌లోనైతే విడాకుల ఫైలు నూరేళ్లపాటు పక్షాలకూ వాళ్ల లాయర్లకూ తప్ప బయటివాళ్లకు చూపరు. మన తెలుగు రాష్ట్రాల్లో కేసుతో సంబంధం లేనివాళ్లు నకలు అడిగితే కారణం చెబుతూ అఫిడవిట్‌తో పిటిషన్ వేయాలి. హారిస్‌లో ఎందుకని అడిగేవాళ్లే లేరు.

కేసు నంబరు ఉంటే అరనిమిషం పని. హారిస్ సివిల్, ఫ్యామిలీ నంబరు సంవత్సరంతో మొదలై, తర్వాత ఐదంకెలు ఉంటుంది. నంబరు లేకపోతే పేరుతో వెతకాలి, మనవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. సైటు అడిగేది ఇంటిపేరు ఒక గడిలో, సొంత పేరు ఇంకో గడిలో. మన పాస్‌పోర్టుల్లో ఏది ఎక్కడ పడిందో మనకే గుర్తుండదు. కాబట్టి ఒకసారి వెతికి వదలొద్దు. మొదట మామూలు వరుసలో, తర్వాత తారుమారు చేసి వెతకండి. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లయితే సొంత పేరు గడిలో "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే సొంత పేరు తెలియదు) అని కొట్టి చూడండి, ఆ మూడక్షరాలే పేరుగా ఎక్కిన ఫైళ్లు ఉంటాయి. లక్ష్మిలో కేఎస్‌హెచ్ ఉందా ఎక్స్ ఉందా, చౌదరిలో డబ్ల్యూ ఉందా యూ ఉందా, అన్నీ మార్చి చూడాలి. ఇంటిపేరులో మొదటి నాలుగైదు అక్షరాలే కొట్టడం ఇంకా మేలు. పెళ్లికి ముందు ఇంటిపేరుతో కూడా చూడండి. అదే పేరున్నవాళ్లు పదిమంది వస్తే, సివిల్ కేసుల్లో పుట్టినతేదీ ఉండదు కాబట్టి ఎదుటి పక్షం పేరు, దావా వేసిన సంవత్సరం చూసి తేల్చుకోవాలి.

కేసు తెరిచాక పైన వరుసగా ట్యాబులు కనిపిస్తాయి: పక్షాలు, తీర్పులు, వాయిదాలు, నోటీసులు, కోర్టు ఖర్చులు, ఇమేజులు. తిన్నగా ఇమేజులకు వెళ్లండి. విడాకుల కేసులో మీకు కావాల్సింది "ఫైనల్ డిక్రీ ఆఫ్ డివోర్స్", జడ్జి సంతకం ఉన్నది. అదే పేరుతో లాయరు పెట్టిన సంతకం లేని ముసాయిదా కూడా ఫైలులో ఉండొచ్చు, చివరి పేజీ తెరిచి చూడకుండా ఆర్డరు చేయకండి. ఆస్తి పంపకం ఒప్పందం డిక్రీలో ప్రస్తావనగా మాత్రమే ఉండి, గోప్యత కోసం అసలు కోర్టులో దాఖలే చేయని సందర్భాలు చాలా ఉన్నాయి. అది క్లర్క్ దగ్గర దొరకదు, లాయరునే అడగాలి.

కాపీల్లో రకాలున్నాయి. మామూలు కాపీ చదువుకోవడానికి పనికొస్తుంది. సర్టిఫైడ్ కాపీ మీద ఇది అసలుకు నిజమైన నకలని క్లర్క్ ధ్రువీకరణ, ముద్ర ఉంటాయి. ఎగ్జెంప్లిఫైడ్ కాపీలో క్లర్క్ సంతకం నిజమని జడ్జి, ఆ జడ్జి నిజమని మళ్లీ క్లర్క్ ధ్రువీకరిస్తారు. ఇంకో రాష్ట్రంలో తీర్పు అమలు చేయించాలంటే దీన్ని అడుగుతారు. ఎవరు ఏది అడిగారో ముందే కనుక్కోండి. కాగితం సర్టిఫైడ్ కాపీకి టెక్సస్ చట్టం ప్రకారం ధ్రువీకరణకు 5 డాలర్లు, పేజీకి డాలరు మించకుండా. నలభై పేజీల డిక్రీకి 45 డాలర్ల దాకా అన్నమాట. "ఫైలంతా ఇవ్వండి" అని రాస్తే పిటిషన్, నోటీసులు, వాయిదా పత్రాలు అన్నీ లెక్కలోకి వస్తాయి.

హారిస్ ఈ-సర్టిఫైడ్ కాపీ కూడా ఇస్తుంది. ప్రతి పేజీ అడుగున డాక్యుమెంటు నంబరు, మొత్తం పేజీల లెక్క ఉంటాయి. ఎలక్ట్రానిక్‌గా పంపిన ఇలాంటి ధ్రువపత్రాలు చెల్లుతాయని గవర్నమెంట్ కోడ్ 406.013 సెక్షన్‌ను ఉటంకిస్తూ ఒక వాక్యం కూడా ఉంటుంది. అమెరికాలోని చాలా పనులకు ఇది చాలు, ఇంట్లోంచి కదలక్కర్లేదు. స్వయంగా వెళ్లాలంటే డౌన్‌టౌన్‌లో 201 కారొలైన్ స్ట్రీట్ సివిల్ కోర్టు భవనం. ఉత్తరం రాసేవాళ్లు కేసు నంబరు, ఇద్దరు పక్షాల పేర్లు, కాగితం పేరు, సంతకం తేదీ, ఎన్ని కాపీలు, ఏ రకం అన్నీ ఒకే పేజీలో పెట్టాలి, మీ అడ్రసు రాసి స్టాంపు అంటించిన కవరు జతచేయాలి. ఆర్‌టీఐ అలవాటుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టకండి. అమెరికా ఫెడరల్ సమాచార చట్టం ఫెడరల్ ఏజెన్సీలకే. టెక్సస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కోర్టులకు వర్తించదు.

డబ్బు వృథా అయ్యే ఇంకో చోటు: రాష్ట్ర ఆరోగ్య శాఖ విడాకుల "వెరిఫికేషన్ లెటర్" ఇస్తుంది. 1968 నుంచి జరిగినవాటికి దొరుకుతుంది, అది డిక్రీ కాదు, డిక్రీ బదులు చెల్లదు. ఏ కౌంటీలో కేసు నడిచిందో అసలు తెలియనప్పుడు మాత్రం ఆ ఉత్తరం దారి చూపిస్తుంది.

దొరకనివి కూడా ఉన్నాయి. దత్తత, బాలల కేసులు, సీలు చేసినవి, ఎక్స్‌పంక్షన్ (కోర్టు ఉత్తర్వుతో రికార్డు చెరిపివేత) అయినవి కనిపించవు. ఈ చివరిదాని దగ్గర మనవాళ్లు గట్టిగా దెబ్బతింటారు. పాత కేసు కొట్టేశాక రికార్డు చెరిపించుకుంటే మంచిదే. కానీ చెరిపించిన అరెస్టు గురించి కూడా ఇమిగ్రేషన్ అడుగుతుంది, అప్పుడు క్లర్క్ దగ్గర ఇవ్వడానికి కాగితం ఉండదు. చెరిపివేత ఉత్తర్వుకు ముందే అభియోగపత్రం, కేసు ముగింపు ఉత్తర్వు రెండింటికీ రెండేసి సర్టిఫైడ్ కాపీలు తీసి దాచుకోవాలి. ఎక్స్‌పంక్షన్ కాకుండా, ఫైలు పాతదై నాశనం చేసినా, వెతికినా దొరకకపోయినా, ఆ మాటే ముద్రతో రాసిన ఉత్తరం ఇమ్మని అడగండి.

ఇండియాలో వాడాలనుకుంటే ఈ-సర్టిఫైడ్ ప్రింటు మీద ఆధారపడొద్దు. క్లర్క్ సంతకం, ముద్ర ఉన్న కాగితం కాపీ తీసుకుని ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లడానికి వేసే ధ్రువీకరణ) కోసం పంపాలి. ఒక్కో పత్రానికి 15 డాలర్లు. కాపీ గత ఐదేళ్లలో తీసుకున్నదై ఉండాలి, కాబట్టి బీరువాలో ఉన్న పాతది పంపకండి. 2005 నుంచి ఇండియా కూడా అపోస్టిల్ ఒప్పందంలో ఉంది. జిరాక్సుతో నెట్టుకొద్దామనుకునేవాళ్లు 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చూడాలి. పెళ్లి తిరుపతిలో, విడాకుల డిక్రీ మిస్సౌరీలోని సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో. అందులో కోర్టు విదేశీ తీర్పుకు సర్టిఫైడ్ కాపీ లేకుండా ఫొటోస్టాట్ ఒక్కటే సాక్ష్యంగా చాలదని తేల్చింది. కాపీ సక్రమంగా ఉన్నంత మాత్రాన ఆ విడాకులు ఇండియాలో చెల్లుతాయనీ కాదు, అది సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ కింద వేరే పరీక్ష.