షవర్‌కి 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ అంటగడుతున్నారు, జాగ్రత్త

గీజర్ కొనబోతున్నవాళ్లు ఇది చదివాకే షాపుకి వెళ్లండి. బిగించి వారం కాలేదు, నాకింకా కోపం తగ్గలేదు. అడిగింది నలుగురున్న ఇంట్లో షవర్ స్నానానికి. ఇచ్చింది 3 లీటర్లు, 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్. "స్విచ్ వేయగానే వేడి, ఎంతసేపైనా ఆగదు" అన్నారు. ట్యాంకులో ఉన్న ఆ 3 లీటర్లు అర నిమిషంలో అయిపోయాయి, ఆ తర్వాత అన్నీ చన్నీళ్లే.

ఫిర్యాదు చేస్తే వచ్చిన మెకానిక్ షవర్ ముట్టుకోలేదు. కింది కుళాయి తిప్పి, ధార పెన్సిలంత అయ్యేదాకా తగ్గించి, వేలు పెట్టి "వేడిగానే ఉంది కదా సార్" అన్నాడు. ఆ ధారకి లీటరు మగ్గు నిండడానికే అర నిమిషం పట్టింది! షాపుకి ఫోన్ చేస్తే "ఇన్‌స్టంట్ అంటే అంతే, బిగించాక వాపసు తీసుకోం" అని పెట్టేశారు. అంతే అని తెలిసినవాళ్లు, షవర్‌కి అని అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు? తెలిసీ దాచి అమ్మారు. రేటింగ్ ప్లేటు మీద 3 కిలోవాట్లని రాసే ఉంది. లెక్క వేయకుండా మాట నమ్మడం నా పొరపాటే.

ఆ లెక్క మీరైనా వేసుకోండి. కిలోవాట్లని 14.3తో గుణిస్తే, నిమిషానికి లీటరు వచ్చే ధారని ఎన్ని డిగ్రీలు వేడెక్కించగలదో తెలుస్తుంది. 3 కిలోవాట్లకి అది 43. నీళ్లు 20 డిగ్రీలు పెరగాలంటే 43ని 20తో భాగించండి, నిమిషానికి 2 లీటర్ల పైచిలుకు. షవర్‌కి మామూలుగా 6 నుంచి 10 లీటర్లు కావాలి. ఏ కంపెనీదైనా ఈ లెక్క మారదు. అదే గీజర్ వంటింటి సింకుకి చక్కగా సరిపోతుంది.

షవర్‌కైతే నీళ్లు ముందే కాచి నిల్వ ఉంచే స్టోరేజి రకమే తీసుకోండి. 25 లీటర్లు 60 డిగ్రీలకి కాగాక, 25 డిగ్రీల చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు 58 లీటర్లు రావాలి. వాడుతుంటే ట్యాంకులోకి చన్నీళ్లు చేరుతూనే ఉంటాయి కాబట్టి 50 అనుకోండి. మళ్లీ కాగడానికి 2 కిలోవాట్ల ఎలిమెంట్‌కి అరగంట పడుతుంది.

ఇక ప్రెషర్ సంగతి ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు. పైన ఉన్న నీళ్ల ట్యాంకు నుంచి మీ గీజర్ దాకా ప్రతి 10 మీటర్ల ఎత్తుకి సుమారు 1 బార్ (ప్రెషర్‌ని కొలిచేది బార్లలోనే). 20 అంతస్తుల కింద ఉంటే 6 బార్ దాకా వస్తుంది, ప్రెషర్ పంపు ఉంటే అదీ కలపాలి. అలాంటిచోట 8 బార్ రేటింగ్ ఉన్నదే అడగండి.

నీళ్లు కాగుతున్నప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడితే అది లీకు కాదు. వేడికి వ్యాకోచించిన నీళ్లు బయటికి పోయే దారి అదే. లీకని దానికి మూత బిగిస్తానంటే దయచేసి ఒప్పుకోకండి, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ చెడిపోయిన రోజున ట్యాంకు పేలొచ్చు. బోరు నీళ్లయితే ఎలిమెంట్ మీద సున్నం పేరుకుంటుంది, ట్యాంకుకి తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం రాడ్ కూడా కరిగిపోతుంది. ఏడాదికోసారి విప్పి చూపించండి.

3 కిలోవాట్లంటే 230 వోల్టుల దగ్గర 13 ఆంప్స్. 16 ఆంప్స్ సాకెట్, సరైన ఎర్తింగ్ లేకుండా పెట్టొద్దు. గ్యాస్ గీజర్‌ని మాత్రం బాత్‌రూమ్ లోపల అసలు పెట్టొద్దు, గ్యాస్ మండినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు.

డబ్బు కట్టేముందు బిల్లు మీద "షవర్ కోసం" అని రాయించుకోండి. రాయడానికి వెనకాడితే ఆ మోడల్ అక్కడే వదిలేయండి.