జీరో క్లోజింగ్ కాస్ట్ హెలాక్ అంటూ ఎవరైనా వస్తే, ముందు ఇది చదవండి

హెలాక్ (HELOC) అంటే ఇల్లు తనఖా పెట్టి తీసుకునే క్రెడిట్ లైన్, లిమిట్ లోపల కావాల్సినప్పుడు వాడుకునే అప్పు. న్యూజెర్సీ ఎడిసన్ చుట్టుపక్కలవాళ్లకి ఆయనెవరో చెప్పక్కర్లేదు. దసరా, దీపావళి ఈవెంట్లలో స్టాల్ వేసుకుని కూర్చునే లోన్ ఆఫీసరే. "అన్నా, లక్ష డాలర్ల హెలాక్, సెటప్ ఫీజు సున్నా, నేనున్నాగా!" అన్నాడు. నిజమే, క్లోజింగ్ రోజు, అంటే సంతకాల రోజు, ఒక్క డాలర్ కూడా అడగలేదు. ఇల్లు అమ్ముడుపోయి లైన్ మూసెయ్యమన్నాక వచ్చింది పేఆఫ్ లెటర్, అంటే ఇంకా ఎంత కట్టాలో చెప్పే లెక్క. ఎర్లీ క్లోజర్ (ముందే మూసినందుకు) ఫీజు 450, అప్రైజల్ (ఇంటి విలువ కట్టినందుకు) 525, టైటిల్ సెర్చ్ (ఇంటి హక్కుల తనిఖీ) 150, రికార్డింగ్ (కౌంటీలో నమోదు) 95. వెరసి 1,220 డాలర్లు. సున్నా అంటే ఇంతుంటుందన్నమాట.

ఇదేంటని ఫోన్ చేస్తే వచ్చిన జవాబు వినండి. "సర్, 36 నెలలని అగ్రిమెంట్‌లో క్లియర్‌గా ఉంది. చదువుకుని సంతకం పెట్టాల్సింది." అన్నా పోయి సర్ వచ్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. "కొత్తిల్లు తీసుకునేటప్పుడు చెప్పండి సర్, మంచి రేటు ఇప్పిస్తా" అట! ఆ మాటకి విడిగా ఫీజు వెయ్యలేదు, అదే పదివేలు.

అసలు కిటుకు ఇదీ. ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు, మీ బదులు లెండర్ ముందు కట్టాడని. 24 లేదా 36 నెలల్లోపు లైన్ మూస్తే ఆ ఖర్చంతా తిరిగి రాబట్టుకుంటాడు. కొందరు దాని మీద మళ్లీ క్లోజర్ ఫీజు కూడా వేస్తారు. అగ్రిమెంట్‌లో ఇది ఫీజుల పట్టికలో కాకుండా టర్మినేషన్ పేరాలో ఉంటుంది. ఇల్లు అమ్మినా, రీఫైనాన్స్‌లో తీర్చేసినా అది క్లోజరే. బ్యాలెన్స్ సున్నా చేసినంత మాత్రాన మాత్రం లైన్ మూతపడదు. కాబట్టి అమ్మే పని లేకపోతే గడువు దాటేదాకా అలా వదిలెయ్యండి, యాన్యువల్ ఫీజు ఎంతో చూసుకుని. రీఫైనాన్స్ అయితే మూసే బదులు సబార్డినేషన్ అడగండి, అంటే లైన్ అలాగే ఉంచి, కొత్త మార్ట్‌గేజ్ తర్వాతి స్థానంలో ఉండటానికి ఒప్పుకోమని. దానికీ ఫీజుంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి లెక్క వేసుకోండి.

ఏపీఆర్ (ఏడాదికి శాతంలో చెప్పే అప్పు ఖర్చు) పోల్చి చూశాం కదా అనుకోకండి. మామూలు మార్ట్‌గేజ్ ఏపీఆర్‌లో ఫీజులు కలుస్తాయి, హెలాక్ ఏపీఆర్‌లో వడ్డీ ఒక్కటే ఉంటుంది. పైగా మామూలు మార్ట్‌గేజ్‌కి ఖర్చులన్నీ ఒకచోట చూపించే లోన్ ఎస్టిమేట్ ఫారం హెలాక్‌కి ఇవ్వరు. అప్లికేషన్‌తో పాటు ఇచ్చే డిస్‌క్లోజర్లే దిక్కు.

అందుకే అప్లై చేసేముందే ఈమెయిల్‌లో ఒక్కో ఫీజు పేరు పెట్టి అడగండి: అప్లికేషన్, అప్రైజల్, టైటిల్, రికార్డింగ్, యాన్యువల్, ఇనాక్టివిటీ (లైన్ వాడకపోతే), మినిమమ్ డ్రా (తీసుకోవాల్సిన కనీస మొత్తం), ఎర్లీ క్లోజర్, లీన్ రిలీజ్ (ఇంటి మీద తనఖా తీసెయ్యడం). ఫోన్లో చెప్పిన సున్నాలు లెక్కలోకి రావు. మనిషి వచ్చి ఇల్లంతా చూసే ఫుల్ అప్రైజల్ బదులు ఆటోమేటెడ్ వాల్యుయేషన్ సరిపోతుందేమో అడగండి. లిమిట్ మరీ ఎక్కువ కాకపోతే చాలామంది ఒప్పుకుంటారు, కొన్ని వందలు అక్కడే మిగులుతాయి.

ఎలాగూ ఇస్తున్నారు కదా అని పెద్ద లిమిట్ తీసుకోకండి. న్యూయార్క్ సిటీలో మార్ట్‌గేజ్ రికార్డింగ్ టాక్స్ మీరు వాడిన డబ్బు మీద కాదు, లిమిట్ మొత్తం మీద. లక్ష డాలర్ల లైన్‌కి దాదాపు 1,800 అవుతుంది. అది లెండర్ కడతాడా మీరా, అదీ రాతలో తీసుకోండి. ఇక అయిదు నిమిషాల్లో అప్రూవల్ అనే ఆన్‌లైన్ కంపెనీల్లో కొన్ని 4.99 శాతం దాకా ఒరిజినేషన్ (లోన్ ఇచ్చినందుకు) ఫీజు పట్టుకుంటాయి, పైగా మొదటిరోజే లిమిట్ అంతా డ్రా చెయ్యాలంటాయి. లక్షకి 4,990 వాళ్ల జేబులోకి, వడ్డీ మాత్రం మొదటిరోజు నుంచే మొత్తం లక్ష మీద. దాన్ని హెలాక్ అనడమే దండగ.

డల్లాస్ వాళ్లు కాస్త అదృష్టవంతులు. టెక్సాస్‌లో 2018 నుంచి హోమ్ ఈక్విటీ ఫీజులు 2 శాతం దాటకూడదు (అప్రైజల్, సర్వే, టైటిల్ ఇన్సూరెన్స్ అందులోకి రావు). ముందే తీర్చేసినా పెనాల్టీ ఉండకూడదని రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. కాకపోతే ఒక్కో డ్రా 4,000 డాలర్లకి తగ్గకూడదు.

తొందరలో చాలామంది వదిలేసేవి మరికొన్ని. డిస్‌క్లోజర్లు మీ చేతికొచ్చిన మూడు బిజినెస్ డేస్ లోపు, తిరిగి ఇవ్వని ఫీజు ఏదీ వసూలు చెయ్యకూడదు. లైన్ తెరిచేలోపు చెప్పిన షరతు ఏదైనా మారితే, ఇండెక్స్ (వడ్డీ రేటుకి ఆధారమైన మార్కెట్ రేటు) కదలిక తప్ప, వద్దని చెప్పి కట్టిన ఫీజులన్నీ వెనక్కి అడగొచ్చు. సంతకం పెట్టాక కూడా మూడో బిజినెస్ డే అర్ధరాత్రి దాకా క్యాన్సిల్ చేసుకోవచ్చు. ఇందులో శనివారం కూడా లెక్కే, ఆదివారం, ఫెడరల్ సెలవులు కావు. క్యాన్సిల్ చేస్తే కట్టినదంతా 20 రోజుల్లో వెనక్కి రావాలి. ఇది మీరు ఉంటున్న ఇంటికే, అద్దెకిచ్చిన ఇంటికి వర్తించదు. టర్మినేషన్ పేరా చదవడానికి ఆ మూడు రోజులు వాడుకోండి.

మూసేటప్పుడు క్లోజర్ రిక్వెస్ట్ రాతపూర్వకంగా పంపండి. డబ్బు కట్టాక లీన్ రిలీజ్ కౌంటీలో రికార్డయిందో లేదో మీరే వెతికి చూసుకోండి. దాని గురించి ఫోన్ చేస్తే ఆ లోన్ ఆఫీసర్ ఎత్తడు.