తిండి రుగ్మత (ఈటింగ్ డిజార్డర్) అనుమానం: ముందు టెలిమానస్‌కా, ఫిజీషియన్ దగ్గరికా?

2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఉచితం. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో చెప్పుకోలేని పిల్లలకు ఇదే తేలిక. కానీ ఫోన్లో నాడి చూడలేరు, రక్తం తీయలేరు.

తిన్నది కావాలని కక్కేస్తున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా ముందు ఫిజీషియనే. వాంతులతో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. అందుకే ఎలక్ట్రోలైట్లు (రక్తంలో పొటాషియం లాంటి లవణాలు), ఈసీజీ, పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ, నాడి చూడమనండి. గ్యాస్ట్రిక్ అని మాత్రలిచ్చి పంపేయడం మామూలే, కాబట్టి వాంతులు తెప్పించుకుంటున్న సంగతి దాచొద్దు. బరువు సరిగ్గానే ఉన్నా, రిపోర్టులు నార్మల్ వచ్చినా జబ్బు లేనట్టు కాదు; సైకియాట్రిస్టుకు చీటీ రాయించుకోండి.

స్పృహ తప్పితే రెండూ కాదు, 108.