మెత్తటి చక్రాలతో నాలుగేళ్లు: నల్గొండ వీధుల్లో నా ఫిల్మింగ్ బోర్డు

చీలమండ రెండోసారి విరిగాక స్కేట్‌బోర్డు మీద ట్రిక్కులు మానేసి కెమెరా పట్టుకున్నాను. కాలిఫోర్నియాలో ఎడ్ టెంపుల్టన్ అనే స్కేటర్ ఉన్నాడు. వీధి ఫొటోగ్రాఫర్‌గానూ ఆయనకు అంతే పేరు. ఆయన ఫొటోలు చూశాక మన ఊరిని కూడా ఇలా చూడొచ్చనిపించింది. ఆటైతే మానేశాను గానీ బోర్డు వదల్లేకపోయాను. దానికున్న 53 మి.మీ. 99ఎ చక్రాలు తీసేసి, 60 మి.మీ. 78ఎ చక్రాలు వేశాను. మి.మీ. అంటే చక్రం అడ్డుకొలత, 'ఎ' ముందున్న అంకె దాని గట్టిదనం. ఆ గట్టిదనం అంకె తగ్గేకొద్దీ చక్రం మెత్తన.

గట్టి చక్రాలతో పెద్ద బాధ చప్పుడు. ప్రకాశం బజారులో పొద్దున్నే తీసిన మొదటి వీడియోలన్నీ గరగర. కూరగాయలమ్మేవాళ్ల కేకలు, తక్కెడ చప్పుడు, ఆటో హారన్ అన్నీ అందులో కొట్టుకుపోయాయి. మైకు మార్చాను, దానికి స్పాంజి తొడిగాను, లాభం లేదు. మెత్తటి చక్రాలు వేసిన మర్నాడు అదే దారిలో ఇరవై సెకన్ల షాటు తీసి, ఇంటికొచ్చి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఒక పూలమ్మే అవ్వ గొంతు స్పష్టంగా వినిపించింది: "ఏంది బిడ్డా, కాళ్లకు చక్రాలు కట్టుకున్నవ్?" తీస్తున్నప్పుడు ఆ మాట నా చెవిన పడనేలేదు. ఆ షాటు ఇప్పటికీ దాచుకున్నాను.

చక్రాలు చేసేది యురేథేన్ అనే ప్లాస్టిక్‌తో. అది మెత్తగా ఉంటే రోడ్డు మీది గరుకుకు తగ్గట్టు అణుగుతుంది. వణుకు బోర్డు దాకా, అక్కణ్నుంచి చేతిలోని కెమెరా దాకా అంతగా రాదు. చక్రం పెద్దది కాబట్టి చిన్న కంకరరాయి అడ్డొచ్చినా ఆగకుండా ఎక్కి దిగిపోతుంది. 1970ల్లో ఫ్రాంక్ నాస్‌వర్దీ పాలీయురేథేన్ చక్రాలు అమ్మకానికి తెచ్చేదాకా స్కేటర్లు మట్టి చక్రాల మీద, ఇనుప చక్రాల మీద తిరిగారు. ఒక్క గులకరాయికి మనిషి ఎగిరిపడేవాడు. క్లాక్ టవర్ నుంచి పానగల్లు వైపు ఒకసారి వెళ్లొస్తే వాళ్ల కష్టం నాకు బాగా అర్థమవుతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. 60 మి.మీ. చక్రం మలుపులో బోర్డు అడుగుకు తగిలి టక్కున ఆగిపోతుంది. మొదటి వారమే అలా పడ్డాను, లెన్సు మీద ఫిల్టరు పగిలింది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర 6 మి.మీ. రబ్బరు షీటు కోయించుకుని, ట్రక్కులకూ (చక్రాలు బిగించే ఇరుసులు) బోర్డుకూ మధ్య పెట్టాక ఆ సమస్య పోయింది. పొడుగు బోల్టులు కూడా కావాలి, మర్చిపోకండి. ఇంకొకటి, ఈ చక్రాలు పక్కకు జారవు. గట్టి చక్రాలకు అలవాటుపడి బోర్డు అడ్డం తిప్పి ఆపాలని చూస్తే మనిషి ముందుకు పడతాడు. కాలు నేలకు రాసి ఆపడం నేర్చుకోవాలి.

మన ఎర్రదుమ్ము బేరింగుల్లో చేరితే చక్రం మొరాయిస్తుంది. నీళ్లతో కడగొద్దు, తుప్పు పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి, ఆరబెట్టి, రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేస్తే నెలన్నర నడుస్తుంది. చెడిపోయినా టెన్షన్ లేదు. స్కేట్‌బోర్డు బేరింగు సైజు 608. మోటార్లు రిపేరు చేసే వీధిలో ఏ బేరింగుల దుకాణంలో అడిగినా ఇస్తారు. ఎనిమిది కావాలి.

కెమెరా సెట్టింగు గురించి చాలామంది అడుగుతున్నారు. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దుకాణాల ట్యూబులైట్లు ఇందులో మిణుకుమనవు. లెన్సు 28 మి.మీ., కెమెరాను మోకాలి ఎత్తులో పట్టుకుంటాను. బండి మీద మామిడికాయల రాశి, దాని వెనకాల మనిషి ముఖం, పైన గొడుగు అంతా ఒకే ఫ్రేములో వస్తాయి.

ఫొటోలకు మాత్రం బోర్డు పనికిరాదు. చక్రాల మీద మనిషి వస్తే అందరూ వాడినే చూస్తారు, పిల్లలు వెంటపడతారు. అందుకే దిగి, బోర్డు చంకలో పెట్టుకుని, అక్కడే ఓ టీ తాగుతాను. నన్ను మరిచిపోయి ఎవరి పనిలో వాళ్లు పడ్డాకే ఫొటో తీస్తాను. వీడియోలో ముఖం గుర్తుపట్టేలా వస్తే ఆగి చూపించి అడుగుతాను. వద్దంటే అక్కడే తీసేస్తాను.

ట్రిక్కులు వేసే పిల్లలు ఇవి కొనొద్దు, బోర్డు బరువెక్కి పైకి లేవదు. నడుస్తున్న వీధిని దాని చప్పుళ్లతో సహా తీయాలనుకునేవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. నావి అరిగి 57 మి.మీ.కు వచ్చాయి. ఈసారి కూడా 78ఎ వే తెప్పిస్తున్నాను.